ముందు ఎండనియ్యి నాయనా

మీ నాయన పుట్టిని బాగు చేస్తున్నావంట. పాత సామాను కింద పారేయకుండా మళ్లీ చెరువులో దించాలనుకున్నావు చూడు, నాకు ఎంత సంతోషమైందో! కానీ పొద్దున బోర్లించి, మధ్యాహ్నం తారు పూసి, సాయంత్రానికే వలేసుకుని పోదామంటున్నావే, అదే నాకు నచ్చలేదు. ఎండనియ్యి నాయనా. ముందు బాగా ఎండనియ్యి.

మన వాయల్పాడు పక్క పుట్టి నీళ్లలో కంటే గట్టు మీదే ఎక్కువ పాడవుతుంది. మన చెరువులు వానను నమ్ముకున్నవి. చెరువెండితే పుట్టి నెలల తరబడి కట్ట మీద పడుంటుంది. ఎండకు తారు పెళుసెక్కి నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి దిగిన వాననీళ్లు పైన కప్పిన టార్పాలిన్ పట్టాకూ వెదురు అల్లికకూ మధ్య నిలిచిపోతాయి. పైకి ఏమీ కనపడదు, లోపల వెదురు నల్లబడి మెత్తబడుతుంది. ఆ తేమ మీదే తారు పూశావంటే తడితలకు కొప్పు ముడిచినట్టే.

అందుకే పట్టా ఊడదీసి చూడు. ఒక్కో బద్దనూ బొటనవేలితో నొక్కు. లోపలికి పోయిందా, అది పోయినట్టే. సూది బెజ్జాలూ, వాటి కింద సన్నటి పొడీ కనపడితే పుచ్చు పట్టినట్టు. దాని మీద ఎంత తారు పూసినా లాభం లేదు, బద్ద తీసి కొత్తది అల్లాల్సిందే. కొత్త వెదురునైనా కొన్ని వారాలు నీళ్లలో నానేసి, నీడన ఆరబెట్టి అల్లు. నానితే అందులోని పిండి పోతుంది, పురుక్కి తిండి దొరకదు. బుట్టలల్లే మేదరాయన దగ్గర కూర్చుని నేర్చుకో. ‘యూట్యూబులో చూసినాలే తాతా’ అనబాక.

విజయనగరం చూడొచ్చిన పోర్చుగీసు డొమింగో పేస్, 1520 ప్రాంతంలోనే మన పుట్టి లాంటి గుండ్రటి పడవల గురించి రాసిపెట్టాడు. అప్పుడు పైన తోలు కప్పేవాళ్లు, పదిహేను ఇరవై మంది ఎక్కేవాళ్లంట. తోలు పోయి టార్పాలిన్ వచ్చింది గానీ, తడి వెదురు కుళ్లకుండా మానిందా?

తారు కాచేటప్పుడు మరీ జాగ్రత్త. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పెట్టబాక. పెరట్లో, పిల్లలు తిరగని చోట, సన్నమంట మీద, డబ్బాలో సగానికి మించకుండా కాచు. కాగే తారులో నీళ్లు పడితే నురగలా పొంగి మీదికొస్తుంది. ఒంటి మీద పడితే పీకబాక, చల్లటి నీళ్లు పోసుకుంటూ ఆస్పత్రికి పో. పల్చన కావాలని మంట మీదుండగా కిరసనాయిలు పోసేవు, ఒళ్లు కాలుతుంది.

అంతా అయ్యాక మోకాటి లోతులో ఒక పూట తేలేసి, అడుగున చెమ్మ ఎక్కడ ఊరుతుందో వేలితో తడిమి చూడు. చెరువు నిండి మొరవ పోతున్న రోజుల్లో మాత్రం పుట్టి దించనే దించబాక. 2021 నవంబరులో వాన ఎట్లా కొట్టిందో చూశావు కదా. పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, దిగువన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 19వ తేదీన కొట్టుకుపోయింది, ఊళ్లకు ఊళ్లే మునిగాయి. ఎన్నేళ్ల చేయి తిరిగినవాడైనా ఆ నీళ్లలో పుట్టిని నిలబెట్టలేడు. మీ అమ్మకు నువ్వొక్కడివే. లైఫ్‌జాకెట్ కొనుక్కో, తోడు లేకుండా పోబాక. ఆదివారం నాటికి పట్టా ఊడదీసి పెట్టు, బద్దలు నేనొచ్చి చూస్తా.