పేతురుకు దొరికిన చోటు



2024వ సంవత్సరం పవిత్ర శుక్రవారం నాడు, మా విచారణ కింద ఉన్న ఒక అడవి పల్లెలో ప్రభువు శ్రమల చరిత్ర చదివి, సిలువ ఆరాధన ముగించుకొని బయలుదేరబోతున్నాను. ఒక కోయ సోదరి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒక మాట అడుగుతా ఫాదర్, ఏమనుకోవద్దు" అంది.

"అడగమ్మా" అన్నాను.

"పేతురు మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదని బొంకాడని ఇప్పుడే చదివారు గదా. ఆయన్ని పునీతుడంటున్నారు. మా ఇంటాయన చేసిన తప్పుకు మీరు గుడి తాళం చెవి లాక్కున్నారు. ఆయనకో లెక్క, ఈయనకో లెక్కనా?"

నేను ఏదో చెప్పాను. పాపం వేరు, పదవి వేరు అన్నాను. అపవాదు గురించి చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ జవాబు ఆమెకు చాలలేదని నాకు తెలుసు. దారిపొడుగునా ఆలోచిస్తే నాకూ చాలలేదు.

జరిగిన సంగతి ఇది. ఆమె భర్త ఆ పల్లెకు ఉపదేశి. నెలకు ఒక్కసారి పూజకు వెళ్లే నాకు బదులుగా ప్రతి ఆదివారం ప్రార్థన నడిపేవాడు, జపమాల చెప్పించేవాడు, పిల్లలకు జపాలు నేర్పేవాడు. వేసవిలో తునికాకు కల్లం దగ్గర కల్లేదారుగా కూర్చునేవాడు. కట్టకు 50 ఆకులు. తెల్లవారుజామునే అడవికి వెళ్లి, ఎండెక్కేసరికి మోపు నెత్తిన పెట్టుకొని వచ్చి, మధ్యాహ్నమంతా కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తెచ్చే స్త్రీల దగ్గర ఆయన లెక్క రాసుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించింది గదా, ఆ మరుసటి వేసవిలో ఒక విషయం బయటపడింది. తరుగు పేరుతో వందకు నాలుగు కట్టలు ఎక్కువ తీసుకుని, వాటిని తన ఇంటివాళ్ల పేరున రాసుకుంటున్నాడు. ఆయన చేతిలో మోసపోయినవారే ఆదివారం ఆయన వెనుక జపమాల చెబుతున్నారు.

ఆ ఆదివారం ప్రసంగంలో నేను దొంగతనం గురించి మాట్లాడాను. పేరు చెప్పలేదు గాని నా చూపు చెప్పింది. పూజ అయ్యాక అందరి ముందూ తాళం చెవి, ప్రార్థన పుస్తకం తీసుకున్నాను. ఆయన మరి గుడికి రాలేదు. కొన్నాళ్లకు ఆ పల్లెలో ఆదివారపు ప్రార్థన కూడా ఆగిపోయింది.

ప్రియ పాఠకులారా, బలహీనుడైన మామూలు మనిషి నమ్మకస్తుడైన శిష్యుడు ఎలా అవుతాడు? ఈ ప్రశ్నకు మనం సాధారణంగా చెప్పే జవాబు పవిత్రాత్మ వరప్రసాదం అని. అది నిజమే. కాని ఆ వరప్రసాదం మనిషి దగ్గరకు ఏ దారిన వస్తుందో కూడా చూడాలి. పేతురు కథను ఆ దృష్టితో మళ్లీ చదివాను.

ఆ రాత్రి ప్రభువును విడిచినవారు ఇద్దరు కాదు, అందరూ. యూదా అప్పగించాడు, పేతురు బొంకాడు, మిగిలినవారు పారిపోయారు. యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడని, తీసుకున్న వెండి నాణెములు తిరిగి ఇచ్చాడని మత్తయి సువార్త చెబుతుంది. ఇద్దరికీ తప్పు తెలిసింది, ఇద్దరూ దుఃఖించారు. తేడా ఎక్కడుంది? యూదా తన దుఃఖాన్ని ప్రధానార్చకుల దగ్గరకు తీసుకువెళ్లాడు. అది మాకేమి సంబంధమని వాళ్లు తోసేశారు. ఆ తరువాత అతను ఒంటరి. పేతురు మాత్రం ఆదివారం ఉదయం, సమాధి ఖాళీగా ఉందన్న వార్త వచ్చేసరికి, తోటి శిష్యుల దగ్గర దొరుకుతాడు. ఆ రెండు రోజులు అతన్ని ఎవరో తమలో ఉండనిచ్చారన్నమాట. నువ్వు బొంకినవాడివి, బయటికి పో అని ఎవరూ అనలేదు. అనే ముఖం కూడా ఎవరికీ లేదు. పునరుత్థానుడైన ప్రభువు పేతురును వెదికే నాటికి పేతురు దొరికే చోటు ఒకటి మిగిలి ఉంది. ఆ చోటు నిలిపి ఉంచినవారి పేర్లు సువార్తల్లో ప్రత్యేకంగా చెప్పలేదు గాని, శ్రీసభ వారికి ఋణపడి ఉంది.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక సంగతి మాలో కొందరిని తికమక పెట్టేది. వీణ వాయిస్తూ వాయిస్తూ వైణికుడైనట్టే, న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ మనిషి న్యాయవంతుడవుతాడని ఆయన బోధ. మరి న్యాయవంతుడు కానివాడు మొదటి న్యాయమైన పని ఎలా చేస్తాడు? కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టుంటుంది. సువార్త ఈ చిక్కును ఒక విధంగా విప్పుతుంది. సీమోను రాయి కాకముందే ప్రభువు అతనికి రాయి అని, కేఫా అని పేరు పెట్టాడు. గుణం తరువాత వచ్చింది, పేరు ముందు వచ్చింది. పౌలు కొరింతు సంఘానికి రాస్తూ మొదటి వరుసల్లోనే వారిని పవిత్రులుగా పిలువబడినవారని సంబోధిస్తాడు. తరువాత పుటల్లో వారి తగాదాలు, వ్యాజ్యాలు, ప్రభువు భోజనం దగ్గర పేదవారు ఆకలితో ఉండగా ఉన్నవారు ముందే తినేయడం, అన్నీ ఏకరువు పెడతాడు. వారు ఏమి కావాలో ఆ పేరుతో పిలిచి, ఏమి చేస్తున్నారో దాన్ని దాచకుండా చెప్పాడు. నమ్మకం అర్హతకు బహుమానం కాదు. అది అర్హతకు విత్తనం. మనం పిల్లవాడిని అబద్ధాలకోరు అని పదిసార్లు పిలిస్తే ఏమవుతాడో ప్రతి తల్లికీ తెలుసు.

అయితే పేరు పెట్టగానే పని పూర్తి కాదు. పెంతెకోస్తు తరువాత కూడా పేతురు తడబడ్డాడు. అంతియొకయలో అన్యజాతి సోదరులతో కలిసి తింటున్నవాడు, యెరూషలేము నుండి కొందరు రాగానే పంక్తి వదిలి పక్కకు జరిగాడు. పౌలు ముఖం మీదనే తప్పు పట్టాడు. ఎవరు చూస్తారోనని పంక్తి మార్చడం మనకు తెలియని సంగతా? మన విచారణ పండుగ భోజనాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తే అంతియొకయ అంత దూరమేమీ కాదని తెలుస్తుంది.

మార్కు సంగతి చూడండి. మొదటి ప్రయాణంలో పంఫులియ దగ్గర పని విడిచి ఇంటికి వెళ్లిపోయాడు. రెండవ ప్రయాణానికి అతన్ని తీసుకువెళ్లడానికి పౌలు ససేమిరా అన్నాడు. బర్నబా తీసుకువెళ్లాడు. ఆ మాట మీదనే ఇద్దరు మహనీయులు విడిపోయారు. చివరికి తిమోతికి రాసిన రెండవ లేఖలో, మార్కును వెంటబెట్టుకు రమ్మనీ, అతడు తన పనికి ఉపయోగపడతాడనీ కబురు కనిపిస్తుంది. నా కల్లేదారు విషయంలో నేను పౌలును అనుకున్నాను. పౌలు తప్పు అని అనలేను. అతని పని గంభీరమైనది. కాని ఆ పల్లెలో బర్నబా ఎవరూ లేకపోయారు.

తొలి శ్రీసభ ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున ఎదుర్కొన్న సందర్భం ఒకటుంది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి దేసియుసు, ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి, ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. అలాంటి పత్రాలు 40కి పైగా ఈజిప్టులో నేటికీ దొరికాయి. కొందరు క్రైస్తవులు వేదసాక్షులయ్యారు. చాలామంది భయపడి బలి అర్పించారు. మరికొందరు లంచమిచ్చి, బలి అర్పించకుండానే పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గగానే వీరంతా ఏడుస్తూ గుడి తలుపు దగ్గరకు వచ్చారు. ఏమి చేయాలి?

రోములో నొవాసియను అనే గురువు, ఇంతటి పాపం చేసినవారిని శ్రీసభ మళ్లీ చేర్చుకోరాదని పట్టుబట్టి, చీలిపోయి వేరే సంఘం పెట్టుకున్నాడు. మరికొందరు ఏ విచారణా లేకుండా వెంటనే దివ్యసత్ప్రసాదం ఇచ్చేయమన్నారు. కార్తేజి పీఠాధిపతి పునీత సిప్రియాను ఈ రెండు దారులూ కాదన్నాడు. 251లో కార్తేజిలో సమావేశమైన పీఠాధిపతులు ఒక్కొక్కరి సంగతి విడివిడిగా చూడాలని, పత్రం కొన్నవాడిని, బలి అర్పించినవాడిని ఒకే గాట కట్టరాదని, ప్రాయశ్చిత్తం చేయించాలని, కాని ఆశ తలుపు మూయరాదని నిర్ణయించారు. సుమారు రెండేళ్లకు మళ్లీ హింస రాబోతున్న సూచనలు కనబడగానే, ప్రాయశ్చిత్తంలో ఉన్నవారికి సమాధానం ఇచ్చారు. రాబోయే పోరాటానికి వారిని ఆకలితో పంపకూడదని వారి ఉద్దేశం. ఇంకో మాట. 250లో హింస వచ్చినప్పుడు సిప్రియాను స్వయంగా నగరం విడిచి దాగి ఉన్నాడు. మందను కాపాడటానికే అన్నాడు గాని, నిందలు తప్పలేదు. అదే సిప్రియాను 258 సెప్టెంబరు 14న కార్తేజిలో తల నరికించుకొని వేదసాక్షి అయ్యాడు. దాగినవాడూ, తల వంచినవాడూ ఒకే మనిషి. మధ్యలో ఎనిమిదేళ్ల నమ్మకమైన పని ఉంది.

మన తెలుగు శ్రీసభ కూడా ఇలా నిలిచినదే. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో యేసుసభ గురువుల ద్వారా రాయలసీమలో జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు, కరువులు, యుద్ధాల వల్ల గుంటూరు ప్రాంతానికి వలస వచ్చాయి. 1773లో 14వ క్లెమెంటు పోపుగారు యేసుసభను రద్దు చేశారు. గురువులు అరుదైపోయారు. ఆ కాలంలో విశ్వాసం నిలిపినవారు మహాజ్ఞానులు కారు. పొలం గట్ల తగాదాలు, కులపు పట్టింపులు ఉన్న సామాన్య కుటుంబాలు. ఆ పట్టింపులు నేటికీ మనల్ని పూర్తిగా వదలలేదు. అయినా సాయంత్రం దీపం పెట్టి జపాలు చెప్పడం వారు మానలేదు. లోపాలు పోయాక విశ్వాసం నిలపలేదు. విశ్వాసం నిలుపుతూ లోపాలతో పోరాడారు, కొన్నింటిలో ఓడారు కూడా.

ఈ ఆలోచనలతో పాస్కా వారంలో, తునికాకు పని మొదలు కాకముందే, ఆ ఉపదేశి ఇంటికి వెళ్లాను. అందరి ముందూ అవమానించినందుకు క్షమించమని అడిగాను. దొంగతనం దొంగతనం కాదని మాత్రం అనలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నన్ను క్షమించడానికి మీరెవరు ఫాదర్? కట్టలు మీవి కావుగదా" అన్నాడు.

నా చదువంతా ఆ మాట ముందు చిన్నదైపోయింది. పేతురు ప్రభువును గాయపరిచాడు, ప్రభువే క్షమించాడు. ఈయన గాయపరిచింది ఎవరిని? నేను గుడి పరువు గురించి కోపపడ్డాను. ఎండలో మోపులు మోసిన స్త్రీలను ఒక్కరినీ పిలిచి, నీకెన్ని కట్టలు పోయాయమ్మా అని అడగలేదు. సుంకరి జక్కయ ప్రభువును సంతోషంతో ఇంట చేర్చుకొని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ భార్య అడిగిన ప్రశ్నకు నా మొదటి జవాబు తప్పు. ఆయనను ఊరికే మన్నించేస్తే అది కూడా సగం జవాబే అయ్యేది.

ఆ సాయంత్రం ముగ్గురు నలుగురు స్త్రీలను పిలిచాము. అందులో ఒక పెద్దామె గట్టిగానే తిట్టింది. అది ఆమె హక్కు. చివరికి ఒప్పందం కుదిరింది. పోయిన కట్టల లెక్క వేసి, ప్రతి వేసవీ కొంత కొంత చొప్పున ఆయన తీర్చాలి. కల్లం దగ్గర లెక్క రాసేటప్పుడు ఆ స్త్రీలలో ఒకరు పక్కన నిలబడి పైకి లెక్కపెట్టాలి. అక్షరం రాకపోయినా అంకె రాకపోదు. ఆయన ఆ వేసవిలో వారి కళ్లముందే లెక్క రాశాడు. ఆదివారం గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

తాళం చెవి ఇంకా ఇవ్వలేదు. బాకీ ఇంకా కొంత మిగిలి ఉంది. ఎప్పుడు ఇవ్వాలో నేను నిర్ణయించను. ఆ స్త్రీలు చెప్పిన రోజున ఇస్తాను. ఈ మధ్య గట్టిగా తిట్టిన పెద్దామే నన్ను అడిగింది, మా పిల్లలకు జపాలు ఎవరు నేర్పుతారు ఫాదర్ అని. ఆ ప్రశ్నలో నాకు బర్నబా గొంతు వినబడింది.

ప్రియ తల్లిదండ్రులారా, మీ ఇంట్లో, మీ కూటంలో, మీ విచారణలో తడబడినవారు ఒకరైనా ఉంటారు. తప్పును తప్పు అనండి. నష్టపోయినవారిని ముందు అడగండి, నష్టం తీర్చే దారి చూపండి. కాని వారు తిరిగి వచ్చే రోజున కూర్చోవడానికి ఒక చోటు మాత్రం తీసేయకండి. ఆ చోటులోనే ప్రభువు వారిని వెదుకుతాడు. మనం తడబడిన రోజున మనల్ని కూడా అక్కడే వెదుకుతాడు.