పిట్టగోడ దగ్గర పైలట్

పది వేల అడుగుల ఎత్తున నిబ్బరంగా విమానం నడిపే మనిషి ఐదో అంతస్తు డాబా మీద పిట్టగోడ దాకా రాలేకపోతే మనకు వింతగా ఉంటుంది. పైలట్లలో అలాంటివాళ్లు అరుదేమీ కారు. "విమానం నడుపుతావు, నిచ్చెన ఎక్కలేవా?" అని ఇంట్లోవాళ్లు ఆటపట్టిస్తే నవ్వేసి ఊరుకుంటారు. ఆ నవ్వులో కాస్త సిగ్గు ఉంటుంది. సిగ్గుపడాల్సిందేమీ లేదని నా నమ్మకం.

నిటారుగా నిలబడటం మనం అనుకునేంత తేలికైన పని కాదు. కదలకుండా ఉన్నామనుకున్నప్పుడు కూడా ఒళ్లు సన్నగా ఊగుతూనే ఉంటుంది. లోపలి చెవి, పాదాలు, కీళ్లు, కళ్లు కలిసి ఆ ఊగుడును ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. కళ్లు తమ వంతు పని చేయాలంటే దగ్గర్లో కదలనిదేదో కనిపించాలి: గోడో, చెట్టో, నేలో. డాబా అంచున అన్నీ దూరంగా ఉంటాయి. తల కాస్త ఊగినా అంత దూరపు దృశ్యంలో తేడా తెలియదు. చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. ఎత్తులో కళ్లు తిరగడాన్ని జర్మనీకి చెందిన నరాల వైద్యుడు థామస్ బ్రాంట్, ఆయన సహచరులు ఇలాగే వివరించారు. కాళ్లు వణికేది మనసు పిరికిదై మాత్రమే కాదన్నమాట.

కాక్‌పిట్‌లో ఇదంతా మారిపోతుంది. పైలట్ బెల్టు బిగించుకుని కూర్చుంటాడు. అద్దాల చట్రం, మీటర్లు చేతికందే దూరంలో నిలకడగా ఉంటాయి. కాళ్ల దగ్గర మొదలై నేల దాకా దిగిపోయే గోడ ఏదీ కనిపించదు. అంచు లేదు కాబట్టి పొలాలూ చెరువులూ ఎంత కిందున్నా గుండె జారదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పైలట్‌కు ఎత్తంటే చేతిలో ఉన్న సమయం. శిక్షణలో విరివిగా వాడే సెస్నా 172 ఇంజిన్ ఆగినా ఉన్నపళంగా కూలిపోదు. గాలి నిలకడగా ఉంటే, వెయ్యి అడుగులు దిగేలోపు రెండున్నర కిలోమీటర్లకు పైగా జారుకుంటూ పోగలదు. ఐదు వేల అడుగుల మీద ఉంటే ఇంజిన్‌ను మళ్లీ తిప్పి చూడటానికి, రేడియోలో చెప్పడానికి, చదునైన పొలం వెతుక్కోవడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. ఐదు వందల అడుగుల మీద అవేవీ కుదరవు. రెక్క మీద గాలి పట్టు తప్పించి మళ్లీ తెచ్చుకునే స్టాల్ పాఠాన్ని బాగా పైకి వెళ్లాకే చేయించేది ఇందుకే. మనం భూమికి దూరమయ్యేకొద్దీ బెదురుతాం. పైలట్ భూమికి దగ్గరయ్యేకొద్దీ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

అసలు ధైర్యాన్ని ఒకే ముద్దగా చూడటం మనకున్న పాత అలవాటు. వెయ్యిమంది ముందు హరికథ చెప్పే ఆయన కూతురి పెళ్లిచూపుల్లో నోరు విప్పలేకపోవచ్చు. ఒకచోట బెదిరాడని మనిషినంతా బెదురుగొడ్డు అనేస్తాం.

ఆ బెదురు కూడా ఎప్పటికీ అలాగే ఉండిపోనక్కర్లేదు. యువకుడిగా 1770లో స్ట్రాస్‌బర్గ్‌కు చదువుకోడానికి వెళ్లిన జర్మన్ కవి గేటేకు ఎత్తులంటే భయం. ఆ ఊరి ప్రార్థనామందిర శిఖరం 142 మీటర్లు. ఒంటరిగా పై దాకా ఎక్కి, శిఖరం కొసన ఉన్న కిరీటం కింద పావుగంట కూర్చుని, అప్పుడు పట్టు పెద్దగా లేని చిన్న అరుగు మీదకు వచ్చి నిలబడేవాడినని ఆత్మకథలో రాసుకున్నాడు. పదే పదే అలా చేశాక భయం లొంగింది. కొండల ప్రయాణాల్లో ఆ అభ్యాసం అక్కరకొచ్చిందట. ఈ కథ చెప్పేవాళ్లు ఆయన మొండితనాన్ని మెచ్చుకుంటారు. నాకైతే ఆ పావుగంట నచ్చుతుంది. వైద్యుడి సాయంతో మెట్టుమెట్టుగా చేసే అభ్యాసంలోనూ అలా ఆగడానికి చోటుంటుంది. ఎవరో వెనకనుంచి నెడితే భయం తగ్గదు, బిగుసుకుంటుంది.

కాక్‌పిట్‌లోకి భయం అసలు రాదని కాదు. విమానాన్ని బాగా ఒరిగించి తిప్పేటప్పుడు కిటికీ నిండా నేలే కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడి ఒళ్లు తెలియకుండానే రెండోవైపు వాలిపోతుంది. "కిందికి చూడకు" అంటే కళ్లు అక్కడికే పోతాయి. మంచి గురువు చూపుకు పని చెబుతాడు: దిగంతం చూడు, విమానం ముక్కు ఎక్కడుందో చూడు, వేగం చూడు, మళ్లీ దిగంతం. భయం ఉంటుంది, దాన్ని పట్టించుకునే తీరిక ఉండదు. అప్పటికీ చేయి బిగుసుకుపోతుంటే దాచకుండా గురువుకీ వైద్యుడికీ చెప్పాలి. అది పరువు సమస్య కాదు, పక్కన కూర్చున్నవాళ్ల ప్రాణాల సంగతి.

సెస్నా 172 రెక్కలు తలకు పైన ఉంటాయి. ఎగిరే ముందు ఇంధనం ఎంతుందో కొలబద్ద ముంచి చూడాలంటే పైకెక్కాలి. ఎత్తంటే బెదిరే పైలట్‌కు ఆ రోజు మొత్తంలో అదే కష్టమైన ఎత్తు కావచ్చు. తొందరేం లేదు, ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఎక్కొచ్చు, పక్కన కాస్త నిలబడమని ఎవరినైనా అడగొచ్చు. కొలత మాత్రం మీటరు మీద నమ్మకంతో వదిలేయకుండా చూసుకోవాల్సిందే.