నాణెమూ, పద్దూ, పరదేశి

పరదేశంలో బస్సెక్కినవాడు ఛార్జీ ఎట్లా చెల్లించాలనేది పైకి చాలా చిన్న ప్రశ్న. జేబులో డబ్బుంటే ఇస్తాడు, లేకపోతే దిగిపోతాడు. ఇందులో తాత్త్విక విచారం ఏముందని ఎవరైనా అడగవచ్చు. కాని ఇవాళ ప్రపంచంలోని అనేక మహానగరాల్లో జేబులో డబ్బుండి కూడా బస్సెక్కలేని స్థితి ఏర్పడింది. లండన్ బస్సులు 2014 జూలై 6 నుంచి నగదు తీసుకోవటం మానివేశాయి. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల యువకులు వేల సంఖ్యలో బతుకుదెరువు వెతుక్కుంటూ పోయిన దుబాయిలో కూడా బస్సులో నగదు చెల్లదు. కార్డు తాకించాలి, లేదా ఫోనులోని యాప్ చూపించాలి. డబ్బు ఉండటం ఒకటి, దాన్ని చెల్లించగలగటం మరొకటి అయినాయి. ఈ రెండింటి మధ్య ఏర్పడిన ఎడంలోనే మన ప్రశ్న ఉన్నది. ప్రజారవాణాలో "ప్రజ" అంటే ఎవరు? ఛార్జీ ఇచ్చిన ప్రతివాడా, లేక మన పుస్తకంలో పేరున్నవాడు మాత్రమేనా?

అభ్యుదయవాదులమైన మనకు ధనం మీద గౌరవం లేదు. ఉండవలసిన పని కూడా లేదు. మనిషికీ మనిషికీ మధ్యనున్న సంబంధాన్ని వస్తువుకూ వస్తువుకూ మధ్యనున్న సంబంధంగా కనిపించేట్టు చేసే మాయ ధనానిదని మనం చదువుకున్నాం, పిల్లలకు చెబుతున్నాం. కాని ఆ మాయను విప్పి చూపిన మార్క్స్, 1867లో వెలువడిన "కాపిటల్" మొదటి సంపుటంలోనే, ధనం అన్ని భేదాలనూ చెరిపివేసే సమతావాది అని కూడా గమనించాడు. ఇది ధనాన్ని మెచ్చుకోవటం కాదు. భూస్వామ్య సమాజంలో మనిషి విలువ వాడి పుట్టుకను బట్టి, కులాన్ని బట్టి, ఏ దొర కింద ఉన్నాడన్నదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. నాణెం వీటిలో దేన్నీ అడగదు. అది దోపిడీకి ఎంత సాధనమైనా, పట్టుకున్నవాడి పేరు అడగకపోవటమనే ఒక్క సుగుణం దానిలో ఉన్నది. చరిత్రలో ఆ సుగుణం చిన్నది కాదు.

మన ప్రాంతపు అనుభవాన్నే తీసుకుందాం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, బ్రిటిష్ ఇండియాలో కల్దారు నడిచేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలనేది వాటి మారకం. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య రైలుమార్గం పూర్తి అయినాక, మంచిర్యాల వైపు నుంచి ఎల్ల దాటి చాందాకో నాగపూరుకో పోయేవాడు ఒక విధంగా పరదేశానికే పోతున్నాడు. వాడికి కల్దారు కావాలి. సరాఫు దగ్గర మార్చుకుంటే వాడు కొంత బట్టా పట్టుకునేవాడు. అందులో అన్యాయం ఉన్నది. కాని ఒకసారి కల్దారు చేతికి వచ్చిన తరువాత, అది ఎవరి చేతిలో ఉన్నా ఒకే కల్దారు. ఆదిలాబాదు కూలివాడి కల్దారును నాగపూరు టిక్కెట్ల గుమాస్తా నిరాకరించలేడు. పోలీసు చర్య తరువాత కూడా హాలీ కొన్నేళ్లు చలామణీలో ఉండి, 1959లో పూర్తిగా రద్దయింది.

నాణేనికి ఎదురుగా నిలిచేది పద్దు. ఆదిలాబాదు అడవుల్లో గోండుల భూములు ఎట్లా పరాధీనమయినాయో ఆలోచిస్తే పద్దు శక్తి అర్థమవుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత ఈ ప్రాంతాన్ని పరిశీలించిన హైమెండార్ఫ్, గోండులు భూములు పోగొట్టుకోవటాన్ని గురించీ, వడ్డీ వ్యాపారులకు చిక్కుకుపోవటాన్ని గురించీ విస్తారంగా రాశాడు. షావుకారు చేతిలో తుపాకి లేదు. వాడి చేతిలో ఒక పుస్తకం ఉన్నది. ఆ పుస్తకం వాడి ఇంట్లో ఉంటుంది, వాడి భాషలో ఉంటుంది, వాడే రాస్తాడు, వాడే చదివి వినిపిస్తాడు. తాను ఎంత బాకీ ఉన్నాడో బాకీ ఉన్నవాడికి తెలియదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగేనాటికి కూడా భూమి సమస్యా, షావుకార్ల సమస్యా పోలేదు.

దొర ఇంటి వెట్టికీ, జీతగాడి బతుకుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తాత చేసిన అప్పు మనుమడి దాకా నడవటానికి పద్దే ఆధారం. అటువంటి ఊళ్లలోకి బొంబాయి నుంచి, భివండీ నుంచి, ఆ తరువాత దుబాయి నుంచి నగదు రావటం మొదలయినప్పుడు అక్కడి సంబంధాలు కదిలినాయి. దొర వాకిట్లో నిలబడకుండా బియ్యం కొనుక్కోవచ్చునన్న సంగతి చాలామందికి మొదటిసారి అనుభవంలోకి వచ్చింది. దీన్ని విప్లవమని ఎవరూ అనరు. ఆ నగదు వెనుక గల్ఫ్ ఎండలో కరిగిన శరీరాలున్నాయి, ఏజెంట్ల మోసాలున్నాయి, శవపేటికలున్నాయి. అయినా పద్దు బిగించిన ముడిని నాణెం కొంత సడలించిందన్నది వాస్తవం.

ఈ వెలుగులో ఇప్పుడు యాప్‌ను చూద్దాం. ఫోనులో కనిపించే అంకె నాణెం కాదు. అది ఒక పద్దు. బ్యాంకు పుస్తకంలో ఒక వరుస. ఆ వరుసను కదిలించటానికి ఒక గొలుసంతటి అనుమతులు కావాలి: బ్యాంకులో ఖాతా, దానికి జతచేసిన ఫోను నంబరు, ఆ నంబరుకు వచ్చే రహస్య సంఖ్య, ఫోనులో ఛార్జింగు, ఊళ్లో సిగ్నలు. స్వదేశంలో ఈ గొలుసు మన కంటికి కనిపించదు. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి టీకొట్టు దగ్గర కూడా దానికి అలవాటు పడ్డాం. దేశం దాటేసరికి ఒక్కొక్క లంకె బయటపడుతుంది. మన నంబరుకు రోమింగు లేకపోతే రహస్య సంఖ్య రాదు. తొంభై రోజులు వాడకుండా వదిలేసిన సిమ్మును కంపెనీ రద్దుచేయవచ్చు. ఆ నంబరు మరొకరి పాలు కావచ్చు. ఉద్యోగానికి పోయినవాడి మామూలు ఖాతాను ప్రవాసి ఖాతాగా మార్చాలన్నది చట్టం. 2023లో ప్రవాసుల విదేశీ నంబర్లకు యూపీఐ ఇవ్వటానికి అనుమతించిన మొదటి పది దేశాల్లో ఎమిరేట్స్, సౌదీ, ఒమాన్, కతార్ ఉన్నాయి. ఇది మేలే. అయితే ఇంటి ఖాతా నడిచినంత మాత్రాన పరాయి ఊరి బస్సు తలుపు తెరుచుకోదు.

ఇక్కడ వర్గభేదం కూడా గమనించాలి. సెలవులకు లండన్ పోయిన హైదరాబాదు ఇంజనీరు తన బ్యాంకు కార్డునే బస్సు యంత్రానికి తాకించి ఎక్కుతాడు. తనను ఎవరో అనుమతించారన్న స్పృహ కూడా అతనికి కలగదు. జగిత్యాల పల్లె నుంచి దుబాయిలో దిగిన కూలి సంగతి వేరు. కంపెనీ ద్వారా జీతం చేతికి వచ్చేవరకు వాడికి ఆ దేశంలో ఖాతా లేదు. వాడి దగ్గర ఉన్నవల్లా మారకం దుకాణంలో కొనుక్కున్న కొద్ది దిర్హాములు. ఆ దిర్హాము మీద ఆ దేశపు కేంద్రబ్యాంకు ముద్ర ఉన్నది. కాని ఆ దేశపు ప్రభుత్వ బస్సు దాన్ని పుచ్చుకోదు. రాజ్యం అచ్చువేసిన నోటును రాజ్యపు బస్సే కాదన్నప్పుడు, వాడు మళ్లీ ఒక సరాఫు దగ్గరికి పోయి, నోటిచ్చి కార్డు మార్చుకోవాలి. హాలీ, కల్దారుల కథ కొత్త రూపంలో తిరిగి వచ్చింది. తేడా ఏమంటే, ఈసారి సరిహద్దు రెండు దేశాల మధ్య లేదు, బస్సు మెట్టు దగ్గర ఉన్నది.

అయితే న్యాయంగా మాట్లాడాలి. దుబాయిలో 2009లో మెట్రోతోపాటు వచ్చిన నోల్ కార్డుల్లో వెండిరంగు కార్డుకు పేరు అక్కరలేదు, ఖాతా అక్కరలేదు. నోటు ఇచ్చి కొనుక్కోవచ్చు, నోటు ఇచ్చి నింపుకోవచ్చు, తోటివాడికి ఇవ్వవచ్చు. అదే మెట్రోలో రెట్టింపు ఛార్జీకి బంగారు తరగతి పెట్టె ఉన్నమాట నిజమే, ధనికుడికీ పేదకూ అంతరం అక్కడా ఉన్నది; అయినా ఆ వెండి కార్డు పట్టుకున్నవాడిని ఎవరివని అడగదు. అంటే అది రూపంలో విద్యుత్ సాధనమైనా స్వభావంలో నాణేనికి దగ్గర. పేరూ ఫొటో ఉండే నీలం కార్డు, బ్యాంకుకు ముడిపడిన యాప్, పద్దుకు దగ్గర. ఇది మనకు ముఖ్యమైన పాఠం. కాగితం పాతది కనుక మంచిదనీ, యంత్రం కొత్తది కనుక చెడ్డదనీ వాదించటం అభివృద్ధి నిరోధకం అవుతుంది. ఉత్పత్తి శక్తుల మీద అలగటం మన పని కాదు. ప్రశ్న సాధనాన్ని గురించి కాదు, ఆ సాధనంలో దాగిన సంబంధాన్ని గురించి. పట్టుకున్నవాడికి హక్కు ఇచ్చే సాధనం ఒక రకం. పేరున్నవాడికి అనుమతి ఇచ్చే సాధనం మరొక రకం.

కొందరు మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం తెస్తారు. చిల్లర జగడాలు పోయినాయి, క్యూలు తగ్గినాయి, లెక్క తేటగా ఉన్నది, ఇవన్నీ సామాన్యుడికే లాభం కదా అని. లాభమే. చిల్లర లేక కండక్టరు పడే బాధ బస్సెక్కిన ప్రతివాడికీ తెలుసు. కాని ఆ చిల్లర విషయంలో మన ఆర్టీసీ కండక్టరు ఏం చేస్తూ వచ్చాడో గుర్తుచేసుకోండి. ఇవ్వవలసిన బాకీని టిక్కెట్టు వెనుక రాసి ప్రయాణికుడి చేతికిస్తాడు. అదీ పద్దే. అయితే ఆ పద్దు బాకీ రావలసినవాడి చేతిలోనే ఉంటుంది, వాడు దాన్ని చదవగలడు, దిగేటప్పుడు చూపించి అడగగలడు. షావుకారు పుస్తకానికీ, ఈ టిక్కెట్టు ముక్కకూ ఉన్న వ్యత్యాసమే మనకు కొలబద్ద. లెక్క తేటగా ఉండటం మంచిదే, కాని ఎవరికి తేటగా ఉన్నది?

ఈ ప్రశ్న సింగపూరు ప్రజలు 2024 జనవరిలో సూటిగా అడిగారు. అక్కడి రవాణా శాఖ పాత కార్డులను జూన్ 1 నుంచి ఆపివేసి అందరినీ సింప్లీగో అనే కొత్త పద్ధతికి మారుస్తామని ప్రకటించింది. పాత కార్డు తాకిస్తే ఎంత పోయింది, ఎంత మిగిలింది యంత్రం మీదే కనిపించేది. కొత్త పద్ధతిలో అది కనిపించదు. ఫోనులో యాప్ తెరిచి చూసుకోవాలి. జనం ఒప్పుకోలేదు. రెండు వారాలు తిరగకముందే, జనవరి 22న, ప్రభుత్వం వెనక్కు తగ్గి, పాత పద్ధతిని కొనసాగించటానికి అదనంగా నాలుగు కోట్ల సింగపూరు డాలర్లు ఖర్చుపెట్టడానికి సిద్ధమయింది. తన దగ్గర ఎంత మిగిలిందో అక్కడికక్కడ తెలుసుకోవటం ధనవంతుడికి అవసరం లేదు. రోజు గడవటానికి లెక్క చూసుకునేవాడికి అది అన్నం ప్రశ్న. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ మార్పులు ప్రకృతి వైపరీత్యాలు కావు. "కాలం మారింది, ఏం చేస్తాం" అనే మాట అబద్ధం. మనుషులు నిర్ణయించినదాన్ని మనుషులు మార్చగలరు.

లండన్‌లో నగదు మానివేసే వేళ మరొక ఏర్పాటు చేశారు. ఆయిస్టర్ కార్డులో ఛార్జీకి చాలినంత డబ్బు లేకపోయినా, ఎంతో కొంత మిగిలి ఉంటే ఇంకొక్క ప్రయాణం చెయ్యనిస్తారు. తరువాత నింపుకున్నప్పుడు అది సరిపోతుంది. యంత్రానికి దయ ఉండదంటారు. ఉండదు నిజమే. కాని దయను నియమంగా రాసి యంత్రంలో పెట్టవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. ఏ విలువలు పెట్టాలన్నది ప్రజల పోరాటాన్ని బట్టి ఉంటుంది.

పోతే, పరదేశంలో మనవాడికి జరిగే దాన్ని తలుచుకుని బాధపడి ఊరుకుంటే అది సానుభూతి మాత్రమే అవుతుంది. మన ఊళ్లో పరదేశి ఎవరు? కరీంనగర్, పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పనిచేస్తున్నాయి. మనవాళ్లు దుబాయికి పోయిన కారణంతోనే వాళ్లు ఇక్కడికి వచ్చారు. 1932లో నిజాం రైల్వే శాఖ కింద ఇరవైయేడు బస్సులతో మొదలయిన సంస్థ ఇవాళ ప్రజల ఆస్తి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ స్త్రీలు గుర్తింపు కార్డు చూపి జీరో టిక్కెట్టుతో ప్రయాణం చేస్తున్నారు. ఇది స్త్రీల కదలికకు తలుపు తెరిచిన మంచి పని. ఒడిశా కూలి స్త్రీకి ఆ టిక్కెట్టు రాదు. ఆమె నోటు ఇస్తుంది, కండక్టరు టిక్కెట్టు కొట్టి ఇస్తాడు, ఆమె మనవాళ్ల పక్కనే కూర్చుంటుంది. ఉచితం ఇచ్చేటప్పుడు "నువ్వెవరు" అని అడగటానికి ఒక కారణం చెప్పవచ్చు. డబ్బు తీసుకునేటప్పుడు కూడా అదే అడిగితే, ఆ స్త్రీకి మన బస్సులో చోటు ఉండదు. ఇప్పుడు కండక్టర్ల యంత్రాలు ఫోను చెల్లింపును కూడా తీసుకుంటున్నాయి, సంతోషం. అయితే రేపు ఎవరైనా ఆధునికత పేరుతో నోటును పూర్తిగా తీసివేద్దామంటే, మొదట దిగిపోయేది ఆమె. ఫోను లేని గోండు వృద్ధుడు ఆమె వెనుక దిగుతాడు.

కాబట్టి అభ్యుదయవాదులు ఈ విషయంలో కోరవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రజల సొమ్ముతో నడిచే ఏ వాహనంలోనైనా, పేరూ ఖాతా ఫోనూ లేకుండా ఛార్జీ చెల్లించే దారి ఒకటి తప్పక ఉండాలి. అది నోటు కావచ్చు, పేరులేని కార్డు కావచ్చు. తన దగ్గర ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ప్రయాణికుడికి అక్కడే, వాడు చదవగలిగే విధంగా తెలియాలి. ఏ యంత్రం పెట్టినా దాని నియమాలను నిర్ణయించే అధికారం ప్రయాణికులకూ కార్మికులకూ జవాబుదారీగా ఉండాలి. ఏ యాప్ కంపెనీకో వదిలేయటానికి వీలులేదు. ఈ కోర్కెలు మన పిల్లల కోసం దుబాయిలోనూ సింగపూరులోనూ ఎంత న్యాయమో, ఒడిశా కూలీల కోసం కరీంనగర్ బస్టాండులోనూ అంతే న్యాయం. ఒకచోట అడిగి మరొకచోట మరిచిపోయేవాడు అడుగుతున్నది హక్కు కాదు, తన వాళ్లకు మినహాయింపు.