పాతబండికి క్రొత్త బ్రేకు

పూర్వరూపమును చెడకుండ కాపాడుట ధర్మమా, లేక ఆ రూపమే ప్రయోజనమునకై పుట్టెనో దానిని కాపాడుట ధర్మమా యను ప్రశ్న మన యిండ్లలో ఆచారముల విషయమున తఱచు పుట్టుచున్నది. ఇంగ్లండులో పాత మోటారుబండ్లను ప్రేమతో పోషించువారి కొట్టములలోను అదే ప్రశ్న పుట్టుచుండుట మమ్ము ఆలోచింపజేసినది.

మినీ యను చిన్నబండిని పాఠకులలో పలువురు చిత్రములలోనైన చూచియుందురు. 1956లో సూయెజు కాలువ చిక్కువలన పెట్రోలుకు కఱవు రాగా, తక్కువ ఖర్చుతో నలుగురిని మోయగల బండి కావలసివచ్చి, అలెక్ ఇసిగోనిస్ దీనిని రూపొందించెను. 1959లో అది వెలువడెను. పొడవు 10 అడుగులు. చక్రములు 10 అంగుళములు. ఇంజను బలము 34 గుఱ్ఱములు. నాలుగు చక్రములకును 7 అంగుళముల డ్రముబ్రేకులే. పెడలు త్రొక్కినంతనే మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు సన్నని గొట్టములగుండ పోయి బ్రేకుషూలను డ్రము లోపలిగోడకు ఒత్తును. ఆ యొత్తిడికి ఏర్పాటు ఒక్కటే యగుటచే, ఎచ్చట నొక గొట్టము చిల్లిపడినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగ పోవును. పల్లపుదారిలో మాటిమాటికి త్రొక్కినచో డ్రము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగు పట్టు సడలును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. ఏండ్లతరబడి మార్చనిచో ఆ నీరు వేడికి ఆవిరియై, పెడలు మెత్తగా నేలకు దిగిపోవును.

ఇవే బ్రేకులతో నాడు లక్షలకొలది బండ్లు తిరిగెను గదా యని కొందఱందురు. నిజమే. కాని నాడు దాని ముందు పోవు బండియు ఇంచుమించు అట్టిదే. నేడు ముందుబండి చటుక్కున నిలుచును. వెనుకనున్న పాతబండి నిలువదు. బండిలో క్రొత్త దోష మేమియు పుట్టలేదు. చుట్టునున్న లోకము మాఱినది. ఒకనాడు హానిలేని యాచారము మఱియొకనాడు హానికర మగుటయు ఇట్లే గదా!

మూలరూపప్రియుల వాదమును తేలికగా త్రోసివేయరాదు. యంత్రముకూడ ఒక చరిత్రపత్రమే. దానిపై ఇష్టము వచ్చినట్లు గీతలు గీయరాదని వారనుట సమంజసము. ప్రదర్శనశాలలో కదలక నిలుచు బండికి ఇది సంపూర్ణముగ చెల్లును. దారిపై తిరుగు బండికి చెల్లదు. తన ప్రాణమును పణమొడ్డుటకు యజమానునకు హక్కు కలదేమో. బడినుండి పరుగెత్తివచ్చు బాలుడు అట్టి యొడంబడికకు ఎన్నడును సమ్మతింపలేదు.

మాఱ్పు మూలమునకు ద్రోహమనుటయు పొరపాటే. 1964లో కర్మాగారమువారే ముందుచక్రముల డ్రములను దిద్ది, రెండు షూలును స్వయముగ బిగియునట్లు చేసిరి. 1963 నాటి కూపర్ ఎస్ బండికి 7.5 అంగుళముల డిస్కులు పెట్టిరి; అవి చిన్నచక్రములోనే యిముడును. 1984లో వచ్చిన 8.4 అంగుళముల డిస్కులు మాత్రము ఇముడవు. వానికై 12 అంగుళముల చక్రములు కావలెను, అంతతో బండి వాలకమే మాఱును. సర్వో సంగతి మఱియొకటి. అది పాదశ్రమను తగ్గించునేగాని బ్రేకు వేడిని తాళు శక్తిని పెంచదు. చెడిన బ్రేకుకు సర్వో తగిలించినవాడు తన భయమును మాత్రమే బాగుచేసికొన్నవాడు.

మాకు కష్టము కలిగించునది వేఱొకటి కలదు. పలువురు మొదట పెద్ద ఇంజను బిగించి, బ్రేకుల మాట తరువాత చూతమందురు. వేగమును నలుగురు మెచ్చుకొందురు. బ్రేకును మెచ్చువా రెవ్వరు? పెండ్లిపందిరికి వెచ్చించినంత సులువుగా బావిగట్టుకు వెచ్చించు గృహస్థు మనలోను అరుదే. మంచి బ్రేకు దొరికినచో మనుష్యుడు మఱింత సాహసించునను ఆక్షేపణ కలదు. కొంత సత్యమే. అయినను, బిడ్డలు వంగి చూతురని బావికి గట్టు కట్టకుందుమా?

పనివానిని మఱువరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండుట కలదు. బ్రిటనులో 1999లో దానిని పూర్తిగా నిషేధించిరి గాని, కొట్టములలో మూలబడిన బండ్లలో అది యింకను ఉండవచ్చును. డ్రము విప్పి ఆ ధూళిని నోటితో ఊదుట పాత అలవాటు. ఆ ధూళి ఊపిరితిత్తులను చెఱచును. తడిబట్టతో తుడువవలెను, ఈ మాట పనివానికి ముందే చెప్పుట యజమానుని బాధ్యత.

మా మతమున, మొదట ఉన్నదానిని నిజాయితీగ బాగుచేయవలెను: గొట్టములు, ఆయిలు, షూలు, వాని సర్దుబాటు. పిదప రెండు వేఱ్వేఱు మార్గములు గల మాస్టరు సిలిండరు. ఒకటి పోయినను రెండవది మిగులును. ఆ తరువాతనే డిస్కులు. విప్పిన పాత డ్రములను పారవేయక నూనెరాచి పెట్టెలో దాచినచో, రేపు ఈ బండి నెవరైన ప్రదర్శనశాలకు చేర్పగోరినను తిరిగి బిగించుకొందురు.