వాద్యమునకు వెల యెంత?

ధ్యానభాగము: లూకా 14:28



ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచు అంబర్‌పేటలో నివసించు పల్లె యౌవనస్థుడొకడు, తన సంఘమునకు గిటారును ఆంప్లిఫైయరును కొనబూని, “ఖరీదైనవి కొందుమా, చవుకవి కొందుమా?” అని అడిగెను.

అరౌనా తన కళ్లమును ఊరకనే యిచ్చెదనన్నను, దావీదు ఏబది తులముల వెండి చెల్లించెను (2 సమూ. 24:24). అయితే గొఱ్ఱెపిల్లను తేజాలని బీదల కొరకు ధర్మశాస్త్రము రెండు పక్షులను నియమించెను (లేవీ. 12:8). మరియ యోసేపులు తెచ్చినది ఆ బీదల అర్పణమే (లూకా 2:24). దేవుడు దానిని త్రోసివేయలేదు.

శ్రుతి నిలువని గిటారు పాడువారినందరిని తప్పుత్రోవ పట్టించును. కావున బిరడలు సడలనిది, తంత్రులు మెట్లకు మరీ ఎత్తుగా నుండనిది చూచి, దానికి శక్తికొలది వెచ్చించుడి. ఆంప్లిఫైయరు అట్లు కాదు. ఏబదిమంది కూడు చిన్న ఆలయమునకు చిన్నదే చాలును.

అప్పుచేసి కొనకుడి. విధవరాలి పొయ్యి చల్లారియుండగా మనము మ్రోగించు పెద్ద పెట్టె ప్రభువునకు ఇంపగునా? న్యాయము లేని పాటల ధ్వనిని ఆయన వినలేదు (ఆమోసు 5:23, 24).

శ్రుతికి వెచ్చించుడి, మ్రోతకు కొంచెముతో సరిపెట్టుకొనుడి. మిగిలినది బీదలకిండు. ప్రభువు మనకట్టి వివేకము దయచేయును గాక. ఆమేన్.