పలనాటి పోరు: ఆయుధము పట్టనివారి ఉసురు

కారెంపూడిలో ప్రతి సంవత్సరమును కార్తికమాసాంతమున పలనాటి వీరారాధన జరుగును. ఆ ఉత్సవదినములలో ఒకదానికి మందపోరు అని పేరు. వచ్చిన భక్తులు బాలచంద్రుని శౌర్యమును, కన్నమదాసు భక్తిని కీర్తించి మరలుదురే గాని, ఆ మందను గూర్చియు, దానిని కాచిన గోపాలకులను గూర్చియు తలంచువారు అరుదు.

క్రీ.శ. 12వ శతాబ్దమున గురజాల నేలిన నలగామరాజునకును, మాచర్ల నేలిన మలిదేవరాజునకును దాయాదివైరము ప్రబలెను. కోడిపందెమున ఓడిన మాచర్లవారు ఒడంబడిక ననుసరించి ఏడేండ్లు దేశము విడిచిపోయిరి. వారి ఆలమందలను శత్రువులు వధింపజేసిరని వీరగాథలు చెప్పుచున్నవి. గోవునకు రాజ్యభాగముతో పనిలేదు. గోపాలకుడు పందెము కాయలేదు. ఈ పాపము ఎవరిది? జనులు నాగమ్మ పేరు చెప్పి ఊరకుందురు. ఆమె శివభక్తురాలగుటయు, బ్రహ్మనాయుడు చెన్నకేశవుని దాసుడగుటయు వైష్ణవ గృహములలో ఆ తీర్పును మరింత సులభము చేసినవి.

శాస్త్రము అంత సులభముగా విడువదు. నిద్రించువానిని, నిరాయుధుని, పోరక కేవలము చూచుచున్నవానిని చంపరాదని మనుస్మృతి సప్తమాధ్యాయము నిషేధించినది. కాని ఆ అధ్యాయముననే మరికొంత ముందునకు పోగా, ముట్టడించిన రాజు శత్రురాష్ట్రమును పీడించి, అచ్చటి గడ్డిని, అన్నమును, నీటిని, వంటచెరకును చెరుపవచ్చునని కలదు. సభలలో మొదటి వచనమును చెప్పువారు రెండవదానిని ఎత్తరు. చెరిచిన చెరువునీరు త్రాగునది సైనికుడొక్కడేనా? బాలెంతరాలును, పసిబిడ్డయు త్రాగవలెను గదా! 1945లో హిరోషిమాపై బాంబు విడిచినవారు క్రిందివారి ముఖములను చూడలేదు. చూడకపోవుట దోషమును తగ్గింపదు. మొదటి వచనము నిషేధము; రెండవదానిని అనుజ్ఞగా గ్రహించుటయే యుక్తము. అనుజ్ఞను వాడుకొనకున్న దోషము లేదు. వాడుకొన్నచో ఫలము వాడుకొన్నవానిదే.

ఈ ప్రశ్న భగవంతునికే ఎదురైనది. భారతయుద్ధానంతరము ద్వారకకు మరలు శ్రీకృష్ణుని ఉదంకమహర్షి త్రోవలో కలిసి, శక్తియుండియు కౌరవులను ఏల కాపాడవైతివని శపింప నుద్యుక్తుడయ్యెను. స్వామి కోపింపలేదు, యుద్ధమన్న ఇట్లే యుండునని త్రోసిపుచ్చలేదు. సంధికై తాను చేసిన యత్నములను వివరించి, పిదపనే విశ్వరూపమును చూపెను. అంతకుముందు గాంధారి శాపమును చిరునవ్వుతో స్వీకరించెను. సర్వేశ్వరుడే సమాధానము చెప్పుకొనగా రాజులును, మంత్రులును ఎంతటివారు?

బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన మహనీయుడు. అలరాజును రాయబారమునకు పంపెను. అతడు విషప్రయోగమున మరణించెనని గాథ. అయినను రాజ్యమును కోడికాలి కత్తిపై నిలుపుటకు సమ్మతించినవారిలో బ్రహ్మనాయుడును ఒకడు. రాజ్యమును ఒడ్డినపుడు అందలి గోపాలకుని, కాపును, కోమటిని కూడ ఒడ్డినట్లే. వారి నెవరును అడుగలేదు. పరులను ఒడ్డు అధికారమెవరిదని ద్రౌపది ద్యూతసభలో అడిగిన ధర్మసందేహము పలనాటను వర్తించును.

పోరు ముగిసిన పిదప అతడు గుత్తికొండ బిలమున ప్రవేశించెనని ప్రతీతి. భక్తులు దానిని తపస్సందురు. ప్రాయశ్చిత్తమనుట మరింత సమంజసము. గెలిచియు తనపై తానే దోషమారోపించుకొన్న నాయకుని పూజించుటలో వైష్ణవునకు లోపము లేదు. కారెంపూడిలో చాపకూడు ఆరగించు యాత్రికులు పేరు తెలియని ఆ గోపాలకులకై ఒక ముద్ద వేరుగ ఉంచవచ్చును. ఏ ఆగమమును దానికి అడ్డుచెప్పదు.