'మనం' అన్న మాటలో మేం ఎక్కడ?

తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. ఎదుటి మనిషిని కలుపుకుంటే 'మనం', బయట నిలబెడితే 'మేం'. ఉర్దూకి ఆ సౌకర్యం లేదు. రెంటికీ 'హమ్' ఒక్కటే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు మాట్లాడుతూ పెరిగిన మాలాంటివాళ్ళకు ఈ తేడా వ్యాకరణ పుస్తకంలో కాదు, బడిలో తెలిసింది. 'మన పండగలు' అని అయ్యవారు పాఠం మొదలుపెట్టి, సంక్రాంతి, ఉగాది అన్నీ చెప్పి, రంజాను దగ్గరికొచ్చేసరికి 'ఇది వాళ్ళ పండగ' అని మా బెంచీ వైపు చెయ్యి చూపించేవాడు. చెడ్డవాడు కాదు పాపం. సేమ్యా పంపిస్తే ఇష్టంగా తినేవాడు. పాఠం పేరులోని 'మన' మా దగ్గరికొచ్చేసరికి 'వాళ్ళ' అయిపోయిందని ఆయనకి తోచి ఉండదు.

ఈ పాత సంగతి మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం ఒక అనువాదం. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది. 2024 డిసెంబరు 13న విజయవాడలో 'స్వర్ణాంధ్ర 2047' దార్శనిక పత్రం విడుదలైంది. పది సూత్రాలు, 2047 నాటికి 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ. ఆ వార్తను ఉర్దూలోకి మార్చే పని మా బల్ల మీదికొచ్చింది. సూత్రాలూ అంకెలూ సాఫీగానే దాటాయి. 'మనం' దగ్గర కలం ఆగింది. 'హమ్' అని రాస్తే సరిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ వార్త చదివే పుంగనూరు సాయిబు దాన్ని 'మనం' అనుకుంటాడా, 'మేం' అనుకుంటాడా? 'మేం' అనుకుంటే ఆ రాసినవాళ్ళు వేరు, తను వేరు.

రాబోయే ఇరవై, ముప్పై ఏళ్ళు ఎట్లా ఉంటాయో ఊహించి, వాటిలో ఏది కావాలో ఎంచుకుని, దానికి ఇవాళే బాట వేయడాన్ని ప్రభుత్వాలు ఇప్పుడొక శాస్త్రంగా చేస్తున్నాయి. ఇది అందరి జ్ఞానాన్నీ కలుపుకుపోయే సమాజానికి దారి తీస్తుందని పెద్దలంటారు. 2005లో యునెస్కో జ్ఞాన సమాజాల మీద ఒక నివేదికే తెచ్చింది. జ్ఞాన 'సమాజం' అని ఏకవచనంలో కాకుండా బహువచనంలో అనాలని అందులో పట్టుబట్టింది. బాగుంది. మా ప్రశ్న చిన్నది. ఒకరి రేపటిని ఇంకొకరు చూడవచ్చునా? చూసి, 'ఇదే నీకు మంచిది' అని చెప్పే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

మాలో కొందరు భక్తులు ఈ చర్చనే కొట్టిపారేస్తారు. గైబ్ సంగతి అల్లాకే తెలుసు, మనుషులు రేపటి లెక్కలు వేయడం ఏమిటని. కానీ యూసుఫ్ కథ వాళ్ళూ చిన్నప్పటి నుంచి విన్నదే కదా! ఈజిప్టు రాజుకి కల వచ్చింది. ఏడు బలిసిన ఆవుల్ని ఏడు బక్కావులు తింటున్నాయి. ఆస్థాన పండితులు అవి పొంతన లేని కలలని తేల్చేశారు. అర్థం చెప్పింది జైల్లో ఉన్న పరదేశి బానిస. ఏడేళ్ళు పంట, తర్వాత ఏడేళ్ళు కరువు, ఇప్పుడే గింజలు దాచుకోండి అన్నాడు. ముందుచూపు రాజసభలో లేదు, జైల్లో ఉంది. ఇంకో సంగతి మేం పెద్దయ్యాక గాని గమనించలేదు. కల అర్థాన్ని యూసుఫ్ ఏ షరతూ లేకుండా చెప్పేశాడు. కానీ దర్బారుకు రమ్మని కబురొస్తే వెంటనే కదల్లేదు. ముందు నా మీద వేసిన నింద సంగతి విచారించండి, తర్వాత వస్తానన్నాడు. జ్ఞానం ఇవ్వడానికి షరతు పెట్టలేదు, కలిసి కూర్చోవడానికి మాత్రం నిన్నటి అన్యాయం తేలాలన్నాడు. ఉర్దూలో 'కల్' అంటే నిన్న, రేపు కూడా. క్రియ వచ్చేదాకా ఏదో తెలియదు.

మన దేశంలో ఈ కసరత్తును పెద్ద ఎత్తున చేసినవాడు ఒక సాయిబే. అబ్దుల్ కలాం అధ్యక్షుడుగా ఉన్న టైఫాక్ అనే సంస్థ 'టెక్నాలజీ విజన్ 2020' నివేదికల్ని 1996లో తెచ్చింది. దాని మీదనే వై.ఎస్. రాజన్‌తో కలిసి కలాం 1998లో 'ఇండియా 2020' రాశారు. మేం కాలేజీలో ఉండగా ఆ పుస్తకం చేతులు మారుతూ తిరిగింది. ఇక్కడే మాకో అగచాటు. ఏ అన్యాయం గురించి నోరు విప్పినా, 'ఏం, మీ కలాం లేడా?' అని మూసేసేవాళ్ళు. ఒక మనిషి పైకి పోతే అందరికీ నిచ్చెన వేసినట్టే అనుకునే అలవాటు మనకుంది. దానికి కలాం బాధ్యుడు కాడు.

టైఫాక్ వాడిన పద్ధతుల్లో డెల్ఫీ ఒకటి. నిపుణుల్ని ఒకచోట కూర్చోబెట్టరు. ఎవరికి వారికి ప్రశ్నలు పంపుతారు. వచ్చిన జవాబుల సారాన్ని పేర్లు లేకుండా అందరికీ చూపించి మళ్ళీ అడుగుతారు. గొంతు పెద్దవాడి మాట, కుర్చీ పెద్దవాడి మాట నెగ్గకూడదని ఈ ఏర్పాటు. పేరు చూడకుండా మాటను తూచే పద్ధతి! తిరుపతిలో అద్దె ఇంటికి తిరిగి, బాడుగ, అడ్వాన్సు అన్నీ కుదిరాక పేరు చెప్పగానే 'మా తమ్ముడు వస్తాడంట' అన్న జవాబు విన్న మాకు అది ఎంత ముద్దొచ్చిందో చెప్పలేం. కానీ ఆ ప్రశ్నల కాగితం ఎవరి ఇంటికి వస్తుంది? నిపుణుల ఇంటికే వస్తుంది. నిపుణుడు ఎవరో ముందే రాసి పెట్టుకున్నాక, పేరు దాచినా దాచకపోయినా ఒకటే.

1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 'విజన్ 2020' విడుదల చేసింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మా జిల్లా మనిషే. పుట్టింది నారావారిపల్లె, చదివింది మా వెంకటేశ్వర యూనివర్సిటీ, గెలిచింది కుప్పం. పత్రం తయారీలో సాయపడింది మాత్రం మెకిన్సీ అనే అంతర్జాతీయ కన్సల్టెన్సీ. మా చిత్తూరు సీమలో బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడిచే మనిషిని పిలుస్తారు. టెంకాయ నిక్కితే నీళ్ళున్నట్టు. నీళ్ళు పడినా పడకపోయినా ఆయన ఫీజు ఆయనది. బోరు ఎండితే అప్పు రైతుది. కన్సల్టెన్సీని వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. టెంకాయ మనిషి కనీసం ఆ చేలో నడుస్తాడు.

సేద్యం మీద బతికేవాళ్ళు నూటికి డెబ్బై మంది నుంచి నలభైకి తగ్గాలని ఆ విజన్ ఉద్దేశం. మిగతా ముప్పై మంది ఎవరు? ఎక్కడికి పోవాలి? ఆ దారి ఎట్లా ఉంటుందో 1990ల చివర కుప్పంలోనే ఒక నమూనా చూపించారు. చిన్న కమతాల్ని కలిపి ఒకే క్షేత్రంగా చేసి, ఇజ్రాయెల్ సాంకేతికతతో డ్రిప్పు సేద్యం. ఇజ్రాయెల్ పేరు వినగానే మాలో కొందరికి కోపం వచ్చింది. ఆ కోపంలో పాలస్తీనా దాకా పోయారు గాని, కుప్పం రైతు గట్టు చెరిగిపోతోందన్న సంగతి దాకా రాలేదు. దూరపు అన్యాయం కనిపించినంత తేటగా పక్క చేని సంగతి కనిపించకపోవడం మాకున్న జబ్బుల్లో ఒకటి.

దీనికి జవాబుగా జరిగిన ఒక ప్రయోగాన్ని మన తెలుగు పాఠకులు మరిచిపోయారు. 2001 జూన్ చివర, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. చిన్న, సన్నకారు రైతులే ఎక్కువగా ఉన్న జ్యూరీ. వాళ్ళలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ముందు మూడు రేపులు పెట్టారు. ఒకటి విజన్ 2020 చెప్పిన రేపు. రెండోది సేంద్రియ పంటలు పండించి విదేశాలకు పంపే రేపు. మూడోది స్థానికంగా పండించుకుని స్థానికంగా తినే రేపు. చదువు రానివాళ్ళకు కూడా అందేలా వీడియోలు చూపించారు. అధికారులు, శాస్త్రజ్ఞులు, కంపెనీల వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు సాక్షులుగా వచ్చి చెప్పారు. జ్యూరీ వాళ్ళని అడ్డ ప్రశ్నలు వేసింది. అంతా సవ్యంగా జరుగుతోందా అని చూడ్డానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ నాయకత్వంలో ఒక పరిశీలక బృందం కూర్చుంది.

జన్యుమార్పిడి పంటలు వద్దని జ్యూరీ చెప్పింది. భూముల్ని కొద్దిమంది చేతుల్లోకి చేర్చొద్దంది, కూలీల పొట్టకొట్టే యంత్రాలు వద్దంది, కాంట్రాక్టు సేద్యం వద్దంది. మా విత్తనాల మీద, మందు మొక్కల మీద పెత్తనం మాకే ఉండాలంది. విజన్‌కు అండగా ఉన్న బ్రిటన్ ప్రభుత్వ సహాయ విభాగానికి ఇది రుచించలేదు. జ్యూరీ ఎంపిక మీద, పద్ధతి మీద అక్కడి అధికారులు అభ్యంతరాలు చెప్పారు. వాళ్ళ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. ప్రజాతీర్పును నడిపినవాళ్ళకూ ఒక మొగ్గు ఉంది. మూడు రేపుల్లో ఏవి ఉండాలో వాళ్ళే నిర్ణయించారు. నాలుగో రేపు ఉన్నవాడు దాన్ని చెప్పుకోవడానికి చోటు ఎంత? అయినా ఒక తేడా ఉంది. విజన్ తయారీని ఎవరూ అట్లా అడ్డ ప్రశ్న వెయ్యలేదు. జ్యూరీ ఎంపిక సరైందా అని అడిగినవాళ్ళు, మెకిన్సీ ఎంపిక సరైందా అని అంతే గట్టిగా అడిగి ఉంటే మేం వాళ్ళ పక్కనే నిలబడేవాళ్ళం.

మా నాలుగో రేపు కువైటు. రాయచోటి, మదనపల్లె, పీలేరు వైపు ముస్లిం ఇళ్ళలో ఎవరో ఒకరు అక్కడ డ్రైవరుగానో వంటమనిషిగానో లేని వీధి అరుదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైటును ఆక్రమించినప్పుడు మేం చిన్నపిల్లలం. పెట్టె కూడా లేకుండా ఇంటికొచ్చినవాళ్ళు గుర్తున్నారు. అయినా తర్వాత మళ్ళీ పోయారు. ఏ ఏజెంటు మోసగాడు, ఏ ఇంటి మామా కొడుతుంది, వీసా మార్చుకోవాలంటే ఎంత, ఇదంతా ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో, చావుల్లో ఒకరికొకరు చెప్పుకుని నిలబెట్టిన జ్ఞానం. రేపటిని అంచనా కట్టే జ్ఞానమే. దీన్ని ఎవరైనా ఒక పత్రంలో చేర్చాలనుకుంటే ముందు బుర్ఖా వేసుకున్న ఆ ఆడమనిషిని నిపుణురాలు అనాల్సి వస్తుంది.

కొన్నేళ్ళ కిందట పీలేరు అవతల ఒక పల్లెలో సభ జరిగితే పోయాం. ఇరవై ఏళ్ళకు మీ ఊరు ఎట్లా ఉండాలో రాయమని కాగితాలు పంచారు. పక్కన ఒక దూదేకుల పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏం తాతా, రాయలేదేమని అడిగాం.

'పరుపులు కుట్టేటోణ్ణి సామీ. ఫోం పరుపులొచ్చి మా పని పోతాదని పదేండ్ల ముందే నాకు తెలుసు. పిలకాయల్ని మెకానిక్కు షెడ్డులో ఏసినా. అబుడు నన్నెవురూ అడగలే.'

'అడిగుంటే చెప్పేవాడివా?'

'చెప్పేవోణ్ణే. చెప్తే మాత్రం ఏం జేస్తారు? ఫోం ఆపుతారా?'

ఈ రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ. అడగడం వేరు, అడిగినదానికి కట్టుబడడం వేరు. 2016 సెప్టెంబరులో తిరుపతిని స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చారు. నగరాల పోటీలో పౌరుల అభిప్రాయ సేకరణకూ మార్కులున్నాయి. మార్కులున్న చోట అభిప్రాయాలు వస్తాయి. స్వర్ణాంధ్రకూ ఆన్‌లైన్‌లో సూచనలు తీసుకున్నారు. 2024లో వక్ఫ్ సవరణ బిల్లు మీద పార్లమెంటు సంయుక్త సంఘం అభిప్రాయాలు అడిగితే మసీదుల గోడల మీద క్యూఆర్ కోడ్ కాగితాలు అంటించారు. ఎన్నడూ ఈ-మెయిల్ పంపని ముసలివాళ్ళు మనవళ్ళ చేత పంపించారు. అటువైపు వాళ్ళూ పంపారు. లక్షల్లో పోగయ్యాయి. 2025 ఏప్రిల్‌లో బిల్లు చట్టమయింది. ఆ లక్షల మాటల్లో ఏ మాట ఏ వాక్యాన్ని మార్చిందో, ఏ మాటను ఎందుకు పక్కన పెట్టారో పంపిన మనిషికి తిరిగి చెప్పేదాకా అది లెక్కపెట్టడమే గాని వినడం కాదు.

ఇంత మాట అన్నాక మా ఇంటి సంగతి దాచుకుంటే తప్పు. ఖురానులో ఒక సూరా పేరే షూరా, సంప్రదింపు. మేం దాన్ని వేదికల మీద గర్వంగా చెప్పుకుంటాం. మసీదు కమిటీ మష్వరాకి కూర్చున్నప్పుడు ఆడమనిషి ఎక్కడుంటుంది? కువైటు డబ్బుతో మినారు కట్టించిన ఆమె పేరు రసీదు మీద ఉంటుంది, చాప మీద ఉండదు. ఉర్దూ రాదని దూదేకులవాళ్ళని సగం సాయిబులుగా చూసే మా షేకులు, సయ్యదులు 'మనం ముస్లింలం' అంటే ఆ పరుపుల తాత దాన్ని ఎట్లా వింటాడు? బయటివాళ్ళ 'మనం'లో మాకు చోటెక్కడని అడిగే ముందు మా 'హమ్'ని కూడా విప్పి చూడాలి. ఇది రాసినందుకు జుమ్మా రోజు కొందరు మాతో మాట్లాడరని తెలుసు. ఈపాటి ముందుచూపు మాకూ ఉంది.

అట్లాగని ఈ కసరత్తులన్నీ దండగని మేం అనం. రేపటి సంగతి అసలు ఆలోచించని ప్రభుత్వం కంటే ఆలోచించే ప్రభుత్వం నయం. మా చెరువులు పూడిపోయింది ఎవరూ ముందు చూడకనే. 2006లో సచార్ కమిటీ నిన్నటి లెక్క తేల్చింది, ముస్లింలు చదువులో, కొలువుల్లో, అప్పు పుట్టడంలో ఎంత వెనకబడ్డారో అంకెలతో చూపించింది. యూసుఫ్ అడిగిన విచారణ లాంటిదది. విచారణ అయింది గాని దర్బారు తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. నిన్నటి ఆ కాగితాన్నీ రేపటి ఈ కాగితాన్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, దీనికి దాంతో సంబంధం ఏమిటని అడిగే మనిషి మేం చూసినంతలో ఏ సభలోనూ లేడు. ఆ మనిషి ప్రభుత్వం లోపలే ఉండాలని లేదు. ఉర్దూ బడి పంతులమ్మ కావచ్చు, టమాటా మండీలో లెక్కలు రాసే కుర్రాడు కావచ్చు. వాళ్ళు అడ్డ ప్రశ్న వేస్తే జవాబు చెప్పాల్సిన అధికారి ఒకడు ఎదురుగా కూర్చుని ఉండాలి.

ఆ రాత్రి అనువాదంలో, చాలాసేపు ఆలోచించి, 'మనం' ఉన్నచోట 'హమ్ సబ్' అని రాశాం. మనమందరం. తెలుగు 'మనం'కి అది సరిగ్గా సాటి కాదు, కానీ అంతకంటే దగ్గర మాట దొరకలేదు. పొద్దున పేపరు చూస్తే 'హమ్' ఒక్కటే ఉంది. డెస్కుకి ఫోన్ చేసి అడిగాం. కాలమ్‌లో చోటు చాల్లేదు భాయ్, 'సబ్' తీసేశాం అన్నారు.